అందరూ తిన్నాక

దమయంతమ్మకు ఆకలి చచ్చిపోయింది. ఆవిడలో ముందుగా చావవలసింది ఆకలి కాదు, నాలుక అని కోడలు హైమ అనుకుంది. పైకి అనలేదు. అనకపోయినా ఆ ఇంట్లో ఒకరి మనసులో మాట ఇంకొకరికి గోడలు దాటి వినబడుతూనే ఉంటుంది.

ఆ వానాకాలం గుంటూరులో ఇంటింటికీ వచ్చిన జ్వరమే ఆవిడకీ వచ్చింది. జ్వరం పోయింది, ఆకలి తిరిగి రాలేదు. కంచం ముందు కూర్చుంటే అన్నం బదులు ఇసక పెట్టినట్టు చూసేది. బలవంతాన రెండు ముద్దలు పెడితే అంతా కక్కేసేది. కడుపు బాగానే ఉందనీ, కడుపు నుంచి మెదడుకు వెళ్ళే కబురే ఆగిపోయిందనీ డాక్టర్లు తేల్చారు. మందు లేదన్నారు.

సరిగ్గా అప్పుడే హైమ చదువులో పడింది. ఇన్నేళ్ళుగా ఆమె పెళ్ళి శుభలేఖలు టైపు చేసిన ప్రెస్సు మూతపడింది. జనం శుభలేఖలు ఫోన్లలోనే పంపుకుంటుంటే ప్రెస్సు మాత్రం ఏం చేస్తుంది? ఆ ఫోన్లలో కనబడేవాటినే తయారుచెయ్యడం నేర్చుకుందామని, బ్రాడీపేటలో మొబైల్ యాప్‌ల కోర్సులో చేరింది. కింద తరగతి, పైన ల్యాబు. రెండింటికీ యజమాని డాక్టర్ పరాంకుశం. కోర్సు బాగా పూర్తిచేసినవాళ్ళకు పై అంతస్తులో ఉద్యోగం ఇస్తానన్నాడు. హైమకు ఆ ఉద్యోగం కావాలి. పగలల్లా దమయంతమ్మ కంటికి కనబడకుండా ఉండే చోటు ఏదైనా సరే, ఆమెకు కావాలి.

"ముప్పై ఆరేళ్ళొచ్చినాక పలకా బలపం పట్టుకుని పోతందమ్మా మా కోడలు," అని దమయంతమ్మ పక్కింటివాళ్ళకు గోడ మీంచి చెప్పింది. "ఇంకో రెండేళ్ళకి అ ఆలు వస్తయ్యంట."

తరగతిలో పరాంకుశం అంతకన్నా మర్యాదస్తుడేం కాదు. "కంప్యూటర్‌కి బుద్ధి లేదు," అన్నాడు మొదటిరోజే. "మీకు ఉందని నేను ఆశపడటం లేదు. కాబట్టి జత బాగానే కుదురుతుంది. అది చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. చెప్పంది చెయ్యదు. మీ మనసులో ఏముందో దానికి అక్కర్లేదు, మీరు రాసిందే దానికి మీ మనసు."

వేరియబుల్ అంటే డబ్బా లాంటిదని చెప్పాడు. పైన పేరుంటుంది, లోపల విలువ ఉంటుంది. హైమకు వెంటనే అత్తగారి వంటిల్లు గుర్తొచ్చింది. కందిపప్పు అని రాసున్న డబ్బాలో మినప్పప్పు, కాఫీపొడి అని రాసున్నదాంట్లో ఆవాలు. ఏది ఎందులో ఉందో ఒక్క దమయంతమ్మకే తెలుసు, ఆవిడ చెప్పదు. ఆ వంటింట్లోకి వెళితే కంప్యూటర్‌కి కూడా పిచ్చెక్కుతుంది.

మొదట్లో హైమ ఏం రాసినా తెరంతా ఎర్రబడేది. పక్కన కూర్చున్న కుర్రపిల్లలు నవ్వుకునేవాళ్ళు. హైమకు మాత్రం ఎర్రర్ అంటే భయం వెయ్యలేదు. ఏ లైనులో తప్పుందో అది చెబుతుంది, ఆ లైను దిద్దితే ఊరుకుంటుంది. ఇంట్లో అలా కాదు. ఏ లైను తప్పో చెప్పరు, మనిషే తప్పంటారు.

"ఇఫ్ రాశాక ఎల్స్ రాయడం మర్చిపోకండి," అని పరాంకుశం బల్ల మీద చరిచాడు. "ఇలా జరిగితే అలా చెయ్యి అన్నారు, బాగుంది. జరక్కపోతే? ఏం చెయ్యాలో తెలియక అది నోరు మూసుకుని కూర్చుంటుంది. మీ ఇంట్లో మొగుళ్ళలాగ."

అందరూ నవ్వారు. హైమ అందరికన్నా గట్టిగా నవ్వింది. ఆమె భర్త ప్రభాకర్, ఇంట్లో గొడవ మొదలవగానే నీళ్ళ మోటారు వెయ్యడానికి వెళ్ళే మనిషి.

పరాంకుశం కనిపెట్టింది ఆకలి బిళ్ళ. రూపాయి కాసంత ఉంటుంది, చెవి వెనక అంటిస్తారు. ఫోను నుంచి కబురు రాగానే అది మెదడుకు ఆకలిని అందిస్తుంది. నకిలీ ఆకలి కాదు. నోరూరుతుంది, కడుపు అరుస్తుంది, అన్నం అన్నంలాగే వాసనేస్తుంది. ఎవరికి ఎప్పుడు ఆకలెయ్యాలో మాత్రం బిళ్ళకు తెలియదు. ఆ రూలు యాప్ చెప్పాలి. ఆ యాప్‌లు రాసే పని పరాంకుశం తన తరగతిలో కొత్తగా నేర్చుకునేవాళ్ళకే అప్పజెప్పాడు. ఇంట్లో మనిషి సంగతి ఇంట్లోవాళ్ళకే తెలుస్తుందని పైకి చెప్పాడు. జీతం అడగనివాళ్ళు వాళ్ళేనన్నది చెప్పలేదు. హైమ అత్తగారి కోసం ఒక బిళ్ళ ఇంటికి తెచ్చింది.

"దీని పెత్తనం ఇల్లంతా చాల్లేదా, నా చెవెనక్కాల కూడా కావాల్నా?" అని దమయంతమ్మ ఒంటికాలి మీద లేచింది. చివరికి కొడుకు చేతులు పట్టుకుని బతిమాలితే తల తిప్పి చెవి చూపించింది.

హైమ ల్యాప్‌టాప్ తెచ్చుకుని వంటింటి గడప దగ్గర కూర్చుంది. గడప దాటనివ్వలేదు ఆవిడ.

"అత్తయ్యా, మీకు మామూలుగా ఎన్నింటికి ఆకలేసేది?"

"నా ఆకలికి గడియారంతో ఏం పని? ఇంట్లో అందరూ తిన్నాక ఏసేది."

"అంతకుముందు వేసేది కాదా?"

"ఇంకా తినాల్సినోళ్ళుండగా ఆడదానికి ఆకలేస్తే అదేం కాపరం? మా అత్త నేర్పింది నాకు. నీకు ఎవురూ నేర్పలా."

హైమ పళ్ళు నూరుకుంది. కానీ ఆవిడ చెప్పింది నిజమే. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ అత్తగారు ముందు తినడం ఆమె ఏనాడూ చూడలేదు. అందరి కంచాలూ ఖాళీ అయి, కడిగి బోర్లించాకే ఆవిడ తన కంచం తీసుకునేది.

ఆ కంచాల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. ఒకదాని మీద ప్రభాకర్. ఒకదాని మీద చి.సౌ. హైమ, అది ఆమె తల్లి పెళ్ళిలో ఇచ్చింది. హైమ ఆ రెండింటి అడుగునా చిన్న సెన్సార్లు అతికించింది. కంచంలో అన్నం పడితే తెలుస్తుంది, ఖాళీ అయితే తెలుస్తుంది. యాప్‌లో రెండు కంచాలనూ ఒక లిస్టుగా రాసింది. ఒక్కొక్క కంచం దగ్గరికీ వెళ్ళి 'తిన్నారా?' అని అడిగే లూప్ రాసింది. రెండు పూటలా లెక్క మళ్ళీ మొదలవ్వాలి. అందరూ తింటే దమయంతమ్మకు ఆకలి ఇవ్వు.

తినకపోతే?

హైమ చేతులు కీబోర్డు మీద ఆగాయి. ఈ ఇంట్లో ఎవరైనా తినని రోజు ఉందా? ఎంత కొట్టుకున్నా, కొట్టుకున్న ఓపికకు ఇంకో ముద్ద ఎక్కువే తిన్నారుగానీ పస్తు పడుకున్నవాళ్ళు లేరు. ఎల్స్ దగ్గర ఏం రాయాలో తోచక వదిలేసింది. యాప్ నడిపితే ఒక్క ఎర్రర్ రాలేదు. తెర ఎర్రబడకపోవడం అదే మొదటిసారి, ఆమె సంతోషం అంతా ఇంతా కాదు. పరాంకుశం తెర వైపు ఒక చూపు పడేసి, "పనిచేస్తోందిగా," అని వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం ప్రభాకర్ తిన్నాడు, హైమ తింది. కంచాలు ఖాళీ అయ్యాయి. దమయంతమ్మ ఉన్నట్టుండి ముక్కు ఎగబీల్చింది. అన్నం గిన్నె దగ్గరికి లాక్కుంది. ఎవరినీ చూడకుండా, పప్పు కలుపుకుని, నాలుగు వాయిలు తింది. ప్రభాకర్ కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు.

"పప్పు మాడింది," అంది దమయంతమ్మ. "వాసన తెలవక నేనే మాడబెట్టినట్టున్నా. చెప్పొచ్చుగా ఎవురన్నా? అయినోళ్ళైతే చెప్పేవోళ్ళు."

అయినా హైమకు ఆ పూట కోపం రాలేదు. తను రాసిన పన్నెండు లైన్లు ఒక మనిషికి అన్నం తినిపించాయి.

ఒక మండలం గడిచేసరికి ల్యాబు వాళ్ళకు ఇంకో సంగతి తెలిసింది. బిళ్ళ ఫోనుతో మాట్లాడటం మానేసినా దమయంతమ్మకు వేళకు ఆకలేస్తోంది. రూలు ఒంట్లో ఊరిపోయింది, ఆవకాయలో ఉప్పు దిగినట్టు. ఇక బిళ్ళతో పనిలేదు, సెన్సార్లతో పనిలేదు. కంచాలను ఆవిడ కళ్ళు చూస్తే చాలు. పరాంకుశం ఎగిరి గంతేశాడు. ఊళ్ళో పెద్దవాళ్ళను పిలిచి సభ పెట్టి, అందరి ముందూ ఆవిడ చెవి వెనక బిళ్ళ తీయించాడు. హైమకు ఉద్యోగం ఇస్తున్నట్టు మైకులో చెప్పాడు. అదే మైకు దమయంతమ్మకు కూడా ఇవ్వడం అతను చేసిన పొరపాటు.

"ఆకలి వచ్చింది బాబూ, కాదన్ను," అంది ఆవిడ. "అయితే దాని తాళంచెవి మా కోడలి దగ్గరుంటది. నా వంటింట్లో నేనొండిన కూడు తినడానికి ఆమె సెలవు కావాల. కుక్కని కట్టేసినట్టు కట్టేసింది."

సభంతా గొల్లుమంది. హైమకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటికి వచ్చేదాకా ఎలాగో బిగపట్టుకుంది.

"మీ కోసం కళ్ళు పోగొట్టుకున్నాను. నలుగురిలో నా పరువు తీశారు!"

"నేనొండింది తింటా, నా మీదే పనితనం చూపించుకున్నావు. ఉన్నమాటంటే ఉలుకెందుకు? నా కూడు తిననిదానివైతే చెప్పు, పడతా నీ మాట."

"అయితే ఇవాళ్టి నుంచి తినను. ఈ ఇంట్లో మీ చేతి మెతుకు ముడితే ఒట్టు!"

హైమ స్టూలెక్కి తన కంచాన్ని అటక మీద జాడీల వెనక్కి తోసేసింది. ప్రభాకర్ మోటారు వెయ్యడానికి వెళ్ళాడు. ఒట్టు పెట్టేటప్పుడు తను రాసిన లూప్ హైమకు గుర్తురాలేదు. అంత కోపంలో ఎవరికి గుర్తొస్తుంది?

ఆమె పొద్దున్నే ల్యాబుకు పోయి క్యాంటీనులో ఇడ్లీ తినేది. సాయంత్రం హోటల్లో తిని ఇంటికి వచ్చేది. ఇంట్లో దమయంతమ్మ వండేది, కొడుక్కు వడ్డించేది, తను మాత్రం కూర్చునే ఉండేది.

"తినమ్మా," అనేవాడు ప్రభాకర్.

"ఆకల్లా."

నాటకం అనుకుంది హైమ. కాళ్ళు పట్టుకుని బతిమాలితేగానీ తినదట, ఆ పప్పులేం ఉడకవు. కోడలేదో చేసిందనుకుంది దమయంతమ్మ. ఆ మాట అడిగితే చిన్నతనం అవుతుందని నోరు విప్పలేదు. పంతానికి పంతం, ఇద్దరిలో ఒక్కరు నోరు విప్పినా పోయేది. కొన్నాళ్ళకు ఆవిడ చీర కుచ్చిళ్ళు జారిపోవడం మొదలైంది. ఒకరోజు పచ్చడి రుబ్బుతూ రోటి పక్కన ఒరిగిపోయింది.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. ఏ రోగమూ లేదు, తినిపించండి అన్నారు. ముద్ద నోట్లో పెడితే కక్కింది. మంచం మీద ఆ మనిషి ఎముకల పోగులా పడి ఉంది. తల దిండు మీంచి ఎత్తలేనిది, కోడలు కనబడగానే మొహం గోడవైపు తిప్పుకుంది. ఇది నాటకం కాదని హైమకు అప్పుడు అర్థమైంది.

తిన్నగా ల్యాబుకు వెళ్ళింది.

"మొండితనానికి నా దగ్గర బిళ్ళ లేదమ్మా," అన్నాడు పరాంకుశం తలెత్తకుండా.

హైమ తన యాప్ తెరిచి, ఒక్కొక్క లైనూ ఆపి ఆపి నడిపించింది. లూప్ మొదటి కంచం దగ్గరికి వెళ్ళింది. ప్రభాకర్, తిన్నారు. రెండో కంచం దగ్గరికి వెళ్ళింది. హైమ, తినలేదు. అక్కడితో ఆగింది. కింద ఇంకేమీ లేదు. ఎల్స్ ఉండవలసిన చోట తెల్లటి ఖాళీ. 

"నేను తినకపోతే ఆవిడకి ఆకలెయ్యదు సార్. నా పేరు నేనే రాశాను. ఎల్స్ లేదని మీరు చూడలేదా?"

"పనిచేసింది కదా. పనిచేసేదాన్ని ఎవరు చూస్తారు?"

"నా పేరు తీసేద్దాం. మళ్ళీ బిళ్ళ పెట్టండి."

"ఊరిన ఆవకాయలోంచి ఉప్పు తీస్తావా? పాతదాని మీద కొత్త రూలు ఎక్కించి చూశాం, ఎలకల మీద. రెండు రూళ్ళూ కొట్టుకున్నాయి. ఎలకలు మిగల్లేదు." అప్పుడు తలెత్తాడు. "హైదరాబాదులో మన కొత్త ల్యాబు మొదలవుతోంది. నువ్వు అక్కడికి వెళ్ళిపో, జీతం బాగుంటుంది. ఆవిడ వయసు మీద పడి పోయిందని రాసుకుంటాం."

"ఆవిడ బతికే ఉంది సార్."

"అందుకే ముందు చెబుతున్నాను. ఆ కోడ్ నీది, కింద పేరు నీది. బయటికి పొక్కితే జైలుకు పోయేది నువ్వు, నేను కాదు."

హైదరాబాదు. దమయంతమ్మ లేని ఊరు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, హైమకు ఊపిరి తేలికగా ఆడింది. ఆ క్షణానికి తరవాత తనను తాను ఎంత అసహ్యించుకుందో ఆమెకే తెలుసు.

మెట్లు దిగి నేరుగా తరగతిలోకి వెళ్ళింది. "మీ ఇళ్ళల్లో బిళ్ళలు పెట్టుకున్నవాళ్ళవి ఇవాళే తీయించెయ్యండి," అని చెప్పింది. "మండలం నిండితే రూలు ఒంట్లో ఊరిపోతుంది, ఇక పోదు. మీరు రాయడం మర్చిపోయినదానికి వాళ్ళు చస్తారు."

థాంక్స్ చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. తనకు ఉద్యోగం వచ్చింది కాబట్టి ఇప్పుడు మాకు అడ్డం పడుతోందని ఒకమ్మాయి అరిచింది. అయినా ఇద్దరు ముగ్గురు బ్యాగులు సర్దుకుని ఇళ్ళకు పరిగెత్తారు. వాళ్ళ వెనకే మిగిలినవాళ్ళూ లేచారు. సాయంత్రంలోగా హైమకు ల్యాబు తలుపు మూసుకుపోయింది. లాయరు నోటీసు వస్తుందని పరాంకుశం ఫోను చేసి మరీ చెప్పాడు.

మర్నాడు మధ్యాహ్నానికి దమయంతమ్మ ఆసుపత్రి నుంచి పోట్లాడి ఇంటికి వచ్చేసింది. నిలబడలేక నిలబడి, గట్టు పట్టుకుని, అన్నం వండింది, గోంగూర నూరింది. కొడుక్కు పెట్టింది. అతను తిని చెయ్యి కడుక్కున్నాక గోడకు జారగిలబడి కళ్ళు మూసుకుంది.

హైమ స్టూలెక్కింది. జాడీల వెనక నుంచి కంచం తీసింది, దుమ్ము కడిగింది. మొదటిసారిగా అడక్కుండా గడప దాటి లోపలికి వచ్చి, అన్నం పెట్టుకుని, అత్తగారికి ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

దమయంతమ్మ కళ్ళు తెరిచింది. "ఒట్టు తీసి గట్టున పెట్టావా?"

హైమ కంచం ముందుకు లాక్కుంది. గోంగూర కలిపింది. ఎండుమిరపకాయలు చేటెడు వేసినట్టుంది, నోరు భగ్గుమంది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నా ముద్ద తరవాత ముద్ద మింగింది. ఒట్టు పెట్టిన నోటితోనే ఆ అన్నం తినడం ఆమెకు చెంపలు వాయించుకున్నట్టు ఉంది.

"సిగ్గు లేకపోతే సరి," అంది దమయంతమ్మ. గొంతులో బలం లేకపోయినా సంతోషం ఉంది. "ఎన్నాళ్ళో అనుకున్నా నీ పౌరుషం."

కంచం ఖాళీ అయింది. హైమ అందులోనే చెయ్యి కడిగి, కంచాన్ని తోమి, అత్తగారికి కనబడేట్టు బోర్లించింది.

కాసేపు ఏమీ జరగలేదు. ప్రభాకర్ మోటారు దగ్గరికి పోకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. అప్పుడు దమయంతమ్మ కడుపు అరిచింది. ముగ్గురికీ వినబడేంత గట్టిగా అరిచింది. ఆవిడ ఉలిక్కిపడి పొట్ట మీద చెయ్యేసుకుంది. బోర్లించిన కంచం వైపు చూసింది, కోడలి వైపు చూసింది. తరవాత అన్నం గిన్నె లాక్కుని తినడం మొదలుపెట్టింది.

నాలుగు ముద్దలు లోపలికి వెళ్ళాక హైమ చెప్పింది. రెండు కంచాల సంగతి, లూప్ సంగతి, ఊరిపోయిన రూలు సంగతి, ఏదీ దాచలేదు. దమయంతమ్మ నములుతూ విన్నది.

"అంటే నువ్వు తింటేగానీ నాకు ఆకలెయ్యదు."

"వెయ్యదు."

"ఈ ఇంట్లోనే తినాల. నా కళ్ళ ముందర."

"రోజూ. రెండు పూటలా."

ఆవిడ కళ్ళల్లో పాత మెరుపు వచ్చింది. "అయితే నేనేం ఒండినా నోరు మూసుకుని తినాల్సిందే నువ్వు. ఉప్పు లేకపోయినా."

"తినాల్సిందే. కానీ ఎన్నింటికి తినాలో నా ఇష్టం. నేను మూడింటికి తింటే మీకు మూడింటిదాకా ఆకలి రాదు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకరి పీక ఒకరి చేతిలో ఉందని ఇద్దరికీ బాగా తెలిసింది. దమయంతమ్మ ఇంకో ముద్ద కలిపి, నోటిదాకా తెచ్చి, ఆగింది.

"మరి నువ్వు చస్తేనో?"

  హైమ రాసిన లూప్‌లో ఎల్స్ దగ్గర ఆ ఖాళీ ఇంకా అలాగే ఉంది.

"అది రాయలేదు అత్తయ్యా."

దమయంతమ్మ చేతిలో ముద్ద గిన్నెలో పెట్టేసింది. తరవాత వంగి, బోర్లించిన కంచాన్ని తిప్పి, హస్తం గరిటె నిండా అన్నం తీసి అందులో కుమ్మరించింది. పక్కన పెరుగు వేసింది.

"తిను," అంది. "నాకన్నా ముందు చచ్చావంటే మాత్రం నేనూరుకోను."